పాటల వసారాలో గంజాయి కుండీలు

ఏలూరు,
4-10-1936

హన్నమ్మక్కయ్యా,

జరిగిన మంచికి సంతోషించి ఊరుకోవాలా, అదెందుకు జరిగిందో తెలిసేదాకా ఆగాలా? మద్రాసులో వృక్షశాస్త్రం చదివే రోజుల్లో నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. నలభై అయిదేళ్ళొచ్చాయి, ఇంకా వదల్లేదు. మొన్న నేను పాఠాలు చెప్పే బడి హాస్టలు పెరట్లో ఎన్నాళ్ళుగానో మొండికేసిన నిమ్మచెట్టు ఉన్నట్టుండి విరగబూసింది. ఆడపిల్లలంతా గంతులేశారు. నేను మాత్రం చెట్టు చుట్టూ తిరుగుతూ, మట్టి గిల్లి చూస్తూ ఉండిపోయాను. వంటచేసే మణెమ్మ చూసి, "ఏవండీ అమ్మగారూ, పూసిన పాపానికి దాన్ని కూడా పరీక్షకు కూచోబెడతారా అండీ?" అంది.

నీ ఉత్తరం మొదటిసారి చదివి నిర్ఘాంతపోయాను. సంఘపెద్ద మత్తయి బావగారి ఇంట్లో గంజాయి మొక్కలా అని. రెండోసారి నెమ్మదిగా చదివితే మనసు కుదుటపడింది. తాడేపల్లిగూడెంలో పశువుల ఆస్పత్రి కాంపౌండరుగా రిటైరయినా ఆయన చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు. పోయిన వానాకాలం కొల్లేరు పొంగి దిగాక గేదెలకు పారుడు పట్టుకుంటే, చేతిలో మందు లేక ఆయన అన్నం మానేశారని నువ్వే రాశావు. ఆ మందులో గంజాయి పూత పడుతుందనీ, గూడెం పశువుల డాక్టరు చలపతిరావుగారి సిఫారసు మీద ఆబ్కారీవారు నాలుగు కుండీలకు అనుమతి ఇచ్చారనీ, కప్పు కింద తాళం వేసిన చోటే ఉంచాలని షరతు పెట్టారనీ ఇప్పుడు తెలిసింది. క్రిస్మసు లోపల డాక్టరుగారు వచ్చి పూత చూస్తేనే వచ్చే ఏటికి అనుమతి. లేకపోతే బావగారి వైద్యం అక్కడితో సరి.

మరి మొక్కలు కప్పును తాకుతున్నా ఒక్క మొగ్గ వెయ్యలేదంటున్నావు. విత్తనాలిచ్చినవారి పెరట్లో అప్పుడే పూత మొదలైందంటున్నావు. 'చదువుకున్నదానివి, చెప్పు' అన్నావు. చదువుకున్నదాన్ని కాబట్టే వెంటనే చెప్పలేను. వసారా ఏ ముఖంగా ఉంది, ఎండ ఎంతసేపు పడుతుంది, సాయంత్రం అక్కడేం జరుగుతుంది, అన్నీ రాయి.

తమ్ముడు ఏసోబు పడవ సరిగా నడుపుతున్నాడా? ఆ గంజాయి దమ్ము మానాడా? వాడి గురించి ఒక్క ముక్క రాయలేదు. నువ్వు రాయలేదంటే మంచి కబురు లేదని అనుకుంటున్నాను.

నీ అనుమానాల చెల్లెలు,
ఎలిజబెత్

కొల్లేటి లంక,
11-10-1936

చెల్లికి అక్క దీవెనలు.

ఇక్కడ మీ బావగారు, నేను, గేదె, దూడ అందరం క్షేమం. మొక్క సంగతి అడిగితే నన్నే పరీక్షకు కూచోబెట్టావు. సరే, రాసుకో. అది తూర్పు ముఖం కటకటాల వసారా. ఎండ కావలసినంత. నీళ్ళు మీ బావగారే పోస్తారు, నన్ను ముట్టుకోనివ్వరు. పొద్దున్నే లేచి ప్రార్థన కంటే ముందు వాటి ముఖం చూస్తున్నారు. ఏవండీ, నా ముఖం ఏనాడైనా ఇంత శ్రద్ధగా చూశారా అని అడిగాను. "నువ్వు పూత వెయ్యాల్సిన పని లేదు కదే" అన్నారు. పెళ్ళయిన ముప్ఫయ్యేళ్ళకు నాకు దక్కిన మాట ఇది.

సాయంత్రం ఏం జరుగుతుందన్నావు. పాటలు జరుగుతాయి. ప్రార్థన మందిరం కప్పు వానకు ఒక పక్క దిగిపోతే, ఆదివారం ఆరాధన రెండో పక్క సర్దుకుంటున్నాం గానీ రాత్రిళ్ళు అక్కడ కూచోలేం. అందుకని ఆగస్టు నుంచి క్రిస్మసు పాటలు నేర్చుకోవడం మా వసారాలోనే. ఆగస్టులో క్రిస్మసేమిటంటావు. పోయినేడు తాడేపల్లిగూడెంలో సంఘాలన్నీ కలిసినప్పుడు, గూడెంవాళ్ళు పాడితే జనం పరవశంతో లేచి నిలబడ్డారు. మావాళ్ళు పాడితే భోజనాలకు లేచారు. పాస్టరు కృపానందంగారికి అది ముల్లులా గుచ్చుకుంది. ఈ ఏడు పొద్దు వాలగానే పెట్రోమాక్సు వెలిగించడం, అందరి ఇళ్ళలో పిల్లలు రెండో నిద్రలోకి వెళ్ళేదాకా పాడించడం. వానొచ్చినా జ్వరమొచ్చినా మానేది లేదు. మీ బావగారు కుండీల పక్కన కుర్చీ వేసుకుని కాపలా. ఆయన కునికితే అప్పారావు హార్మోనియం ఇంకాస్త గట్టిగా నొక్కుతాడు.

తమ్ముడి గురించి ఏం రాయను? మొన్న మంత్రసానిని పడవెక్కించుకుని, నడి కొల్లేట్లో దమ్ము లాగి నిద్రపోయాడు. పడవ పోయి తుంగలో ఇరుక్కుంది. ఆవిడ పురుడింటికి చేరేసరికి బిడ్డ పుట్టి, పాలు తాగి, హాయిగా పడుకుని ఉన్నాడు. లంకంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అమ్మ పోతూ పోతూ వాణ్ణి నాకు అప్పగించింది. ఆ కుండీలు వచ్చినప్పటినుంచీ వాణ్ణి వసారా మెట్లెక్కనివ్వడం లేదు. కటకటాల అవతల వాకిట్లో కూచుని పాటలు విని పోతున్నాడు. నా తమ్ముడికి నా ఇంట్లో వాకిలి గతయింది.

త్వరగా రాయి. మీ బావగారికి నిద్ర పట్టడం లేదు, నన్ను పట్టనివ్వడం లేదు.

మీ అక్క,
హన్నమ్మ

(కార్డు)
ఏలూరు, 15-10-1936

అక్కయ్యా, వసారాలో రాత్రిపూట దీపం వెలిగించవద్దు. అది కుదరకపోతే వెంటనే బయటికి పంపెయ్యండి. ఆలస్యం చేస్తే క్రిస్మసుకు అందరి ముందూ తల వంచుకోవలసి వస్తుంది. కారణం కార్డు మీద రాసేది కాదు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను, తీరిగ్గా ఉత్తరం రాస్తాను. — ఎలి.

కొల్లేటి లంక,
25-10-1936

అమ్మా తల్లీ,

ఇక ముందు నాకు కార్డులు రాయకు. కవరుకు డబ్బుల్లేకపోతే చెప్పు, నేను పంపిస్తాను.

నీ కార్డు వచ్చేవేళకు నేను చెరువు గట్టున ఉన్నాను. పోస్టుమాను దాన్ని అప్పారావు చేతికిచ్చాడు. వాడు పాటలకొచ్చిన వాళ్ళందరికీ చదివి వినిపించాడు. ఆ మొక్కల పేరు నువ్వెందుకు రాయలేదో నాకు తెలుసు, వాళ్ళకేం తెలుసు? దీపం ఆర్పి తమను బయటికి గెంటమన్నావనుకున్నారు. రెండేళ్ళ కిందట నువ్వు గూడెంవాళ్ళకు రెండు పాటలు నేర్పావు చూడు, అది ఒక్కసారిగా అందరికీ గుర్తొచ్చింది. చదువుకున్నావిడ గూడెంవాళ్ళ పక్షం చేరి ఎత్తు వేసిందని అప్పారావు తేల్చేశాడు. ఆ పంతం మీద అప్పటినుంచి ఇంకో పాట ఎక్కువ పాడుతున్నారు. పెట్రోమాక్సుకు కొత్త మాంటిల్ కూడా కొన్నారు.

నేను ఊరుకోలేక, బాబూ ఆ గొడవ మీ గురించి కాదు, మొక్కలు పూయడం లేదు, వాటి గురించి అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించారు. ఆదివారం ప్రసంగంలో అదే చెప్పారు. ఇన్ని నెలలు దేవుని పాటలు విన్నందుకు ఆ మొక్కలు పూత మానుకున్నాయట. పాపం మొగ్గ తొడగకుండానే ఆగిపోయిందట. మీ బావగారు ముందు వరసలో కూచుని దగ్గారు. ఎవరూ పట్టించుకోలేదు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఏసోబు వెనకాల గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. మర్నాడు పడవ నిండా మనుషులుండగా, నడి కొల్లేట్లో గెడ ఆపి, చిలుం తీసి నీళ్ళలో పారేశాడు. సాయంత్రం నా దగ్గరికొచ్చి చెప్పాడు. "మొక్కే మానుకుందంటక్కా. నేను మనిషిని." అంతే అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఈ వారం రోజులు ముట్టలేదు. చేతులు వణుకుతున్నాయి, తిండి సయించడం లేదు, అయినా ముట్టలేదు.

ఇప్పుడు నా గతి చూడు. మొక్కలు పూస్తే మీ బావగారు నిలబడతారు. పూయకపోతే తమ్ముడు నిలబడతాడు. రోజూ మోకాళ్ళ మీద కూచుని ఏమడగాలో తెలియక లేచి వస్తున్నాను. నీ కార్డు మీద రాయని ఆ కారణమేదో ఇప్పుడైనా రాయి. కవరులో.

హన్నమ్మ

ఏలూరు,
1-11-1936

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, చివరికి వచ్చేసరికి నవ్వలేకపోయాను. గూడెంవాళ్ళ గూఢచారిని అయినందుకు క్షమించమని పాటలవాళ్ళకు చెప్పు. అప్పారావు శ్రుతి గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది గానీ, అది కవరులో కూడా రాయను.

కారణం ఇది. కొన్ని మొక్కలు పగటి పొడుగును బట్టి పూస్తాయి. పగళ్ళు కురచవుతున్నాయని తెలిస్తే ఆకు వెయ్యడం తగ్గించి మొగ్గ వేస్తాయి. మన వైపు పగలు ఎప్పుడూ మరీ పొడుగ్గా ఉండదు కాబట్టి, ఆరుబయట ఉన్న గంజాయి ఈపాటికి పూతకు రావాలి. మీ వసారాలో పొద్దు గుంకగానే పెట్రోమాక్సు ఇంకో పొద్దులా పొడుస్తోంది. పాపం ఆ మొక్కలకు ఇంకా వేసవి కాలమే. వాటిని దీపం సోకని చోటికి, పెరట్లోకి మార్చండి. క్రిస్మసుకు ముందే మొగ్గ కనపడవచ్చు. 'వచ్చు' అన్నాను, గమనించు. అమెరికాలో పొగాకు మీద చూసినవారు రాసింది చదివాను గానీ, ఈ మొక్క మీద నా కళ్ళతో చూడలేదు.

ఇది నీకొక్కదానికే రాస్తున్నాను. ఏసోబుకు చెప్పకు. రాసి, ఈ వాక్యం దగ్గరే చాలాసేపు కలం ఆపాను. వాడు నిజంగా మానాలనుకుంటే కారణం దీపమైతేనేం, పాటైతేనేం అని ఒక మనసు. పట్టుకున్న కొమ్మ పుచ్చిందని తెలిసి కూడా చెప్పకుండా కింద నిలబడి చూడటమేమిటని ఇంకో మనసు. బావగారి పని ఆగకూడదు, వీడూ పడిపోకూడదు. ఎలాగో నాకు తోచడం లేదు. ప్రస్తుతానికి కుండీలను గుట్టుగా మార్చండి. ఏసోబు పడవ మీద ఉన్నప్పుడు మార్చండి.

వాడికి పెరుగు ఎక్కువగా పెట్టు.

నీ చెల్లెలు,
ఎలిజబెత్

కొల్లేటి లంక,
8-11-1936

చెల్లికి,

గుట్టు అన్నావు. నా ఉత్తరాలు నేను ఒక్కదాన్నే ఏనాడు చదివాను? నీ కవరు మీ బావగారే విప్పారు. చదువుతూ లేచి నిలబడ్డారు. "మీ చెల్లెలు ఇన్నాళ్ళు ఏలూరులో ఊరికే కూచోలేదే" అన్నారు. నీకు ఆయన ఇచ్చిన మొదటి యోగ్యతాపత్రం ఇది, దాచుకో.

మర్నాడే ఆబ్కారీ ఇన్‌స్పెక్టరుగారి దగ్గరికి వెళ్ళి, దీపం సంగతంతా చెప్పి ఒప్పించారు. పెరట్లో మనిషెత్తు తాటాకు దడి కట్టాలి, తలుపుకు తాళం వెయ్యాలి, ఎవరో ఒకరు కాపలా ఉండాలి. దడి కట్టించారు. కాపలాకు తన నులకమంచమే లోపల వేసుకున్నారు. ఇక కుండీలు మొయ్యాలి. ఒక్కొక్కటి నిండు గోలెమంత బరువు. పాస్టరుగారి ప్రసంగమయ్యాక వాటిని ముట్టుకోవడానికి ఒక్కడూ రాలేదు. అప్పారావు హార్మోనియం మోస్తాను గానీ అవి మొయ్యనన్నాడు. మీ బావగారే వంగారు. నడుం పట్టేసి అలాగే ఉండిపోయారు.

అప్పుడొచ్చాడు ఏసోబు. వాణ్ణి ఎవరు పిలిచారో నాకిప్పటికీ తెలియదు. "పక్కకు తప్పుకోండి బావగారూ. మీ నడుం పోతే అక్క నన్ను తిడుతుంది" అన్నాడు. నేను అడ్డం నిలబడ్డాను. నువ్వు ముట్టుకోకురా, కుండీలు ఎక్కడుంటే అక్కడే ఉండనీ అన్నాను.

"కంటికి కనపడనప్పుడు మానితే అదేం మానడమక్కా?" అన్నాడు.

నాలుగూ వాడే మోశాడు. మొహం పక్కకు తిప్పుకుని, ఆకులు చెంపకు తగులుతుంటే ఊపిరి బిగబట్టి మోశాడు. చివరిది దింపాక కాలవకు పోయి నిండా మునిగి వచ్చాడు. ఎందుకు మారుస్తున్నారని అడగలేదు. మేమూ చెప్పలేదు. పెరుగన్నం పెట్టాను, తిన్నాడు.

హన్నమ్మ

ఏలూరు,
15-11-1936

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం వచ్చింది. వాణ్ణి ఎలా మొయ్యనిచ్చావు? తరువాత బావగారి మీద వచ్చింది. చివరికి నా మీదే వచ్చింది, మార్చమన్నది నేనే కదా. ఏలూరులో కూచుని ఇవ్వవలసిన సలహా ఇచ్చేసి, బరువు మాత్రం వాడి భుజం మీద పెట్టాను.

క్లాసులో ఈ వారం పువ్వు భాగాలు చెబుతున్నాను. పువ్వు ఎందుకు పూస్తుందండీ అని ఒక పిల్ల అడిగింది. గంట కొట్టారు, బతికిపోయాను. మొగ్గ కనపడితే రాయి. కనపడకపోయినా రాయి. ఏది కోరుకుంటున్నానో అడగకు.

ఎలిజబెత్

కొల్లేటి లంక,
13-12-1936

చెల్లికి,

పూశాయి. నాలుగూ పూశాయి.

పెరట్లోకి మార్చాక ఎదగడం మానేసి, నెల తిరక్కుండా కొసలన్నీ మొగ్గలు కట్టాయి. ఇప్పుడు పెరడంతా ఒకటే ఘాటు. మీ బావగారు అమావాస్యలో చంద్రుణ్ణి చూసినవాడిలా తిరుగుతున్నారు. మొన్న డాక్టరు చలపతిరావుగారు గూడెం నుంచి వచ్చి చూశారు, వేలితో నలిపి వాసన చూశారు. వచ్చే ఏటికి అనుమతి రాయిస్తానన్నారు. ఆరుబయటే పెంచుకోవచ్చన్నారు. ఆయన కొల్లేటి చేపల పులుసు రెండుసార్లు వేయించుకుని, మీ చెల్లెలు ఏ కాలేజీలో చదివారండీ అని అడిగారు కూడా. చెప్పాను, కాస్త గొప్పగానే చెప్పాను.

ఇంతవరకు సంతోషం. ఆదివారం పాస్టరుగారు ఆ సంగతే ఎత్తుకున్నారు. పాటకు దూరం చేశారు, పాపం పూసింది, చూశారా అన్నారు. మీ బావగారు ఇక దగ్గలేదు, లేచే నిలబడ్డారు. "పాటా కాదు, పాపమూ కాదండీ. పెట్రోమాక్సు. మా మరదలు బి.ఏ., ఆవిడ రాసింది" అన్నారు. సంఘమంతా రెండు ముక్కలైంది. పాటలవాళ్ళు నొచ్చుకున్నారు. ఇన్ని నెలలు గొంతు చించుకుంటే మహిమంతా మాంటిలుకు పోయిందని అప్పారావు బాధ.

ఏసోబు వెనకాలే ఉన్నాడు. ఆ సాయంత్రం పాటలకు రాలేదు. నేనే రేవుకు వెళ్ళాను. పడవలో కూచుని ఉన్నాడు. ముట్టలేదు, వాడి దగ్గర వాసన లేదు, నాకు తెలుసు. గెడ కొసతో నీళ్ళు కలుపుతూ అన్నాడు. "చిన్నక్కను అడుగుతానక్కా. పాట ఆపిందా, దీపం ఆపిందా? చిన్నక్క ఏది చెబితే అది."

చెల్లీ, పాట అని చెప్పు. నీకు పోయేదేముంది? మీ బావగారు దీపమనే చెప్పమంటున్నారు, అనుమతి వచ్చింది కనుక ఆయనకు ఇప్పుడు ధైర్యం. నాకు తమ్ముడు కావాలి. క్రిస్మసుకు నువ్వొచ్చే ఇరవై నాలుగున నిన్ను ఆ ఒడ్డు రేవు నుంచి తీసుకురావడానికి వాడే పడవ తెస్తాడు. ఇంకెవరినీ పంపవద్దన్నాడు.

నీ అక్క

ఏలూరు,
20-12-1936

అక్కయ్యా,

బావగారి అనుమతికి నిజంగా సంతోషించాను. వచ్చే వానాకాలం గేదెలు బతుకుతాయి. ఆయన కుర్చీలో కూచుని కునకవలసిన అవసరం ఉండదు.

ఏసోబు అడిగినదానికి జవాబు రాద్దామని మూడుసార్లు కాగితం తీశాను. దీపం అని రాశాను. చదువుకుంటే నా రాత నాకే అతిశయంగా కనిపించింది. నాలుగు కుండీలను ఒకే రోజు దీపానికీ దూరం చేశాం, పాటకూ దూరం చేశాం. ఏది తీసేసినందుకు పూశాయో ఏ ముఖం పెట్టుకుని చెప్పను? నా విద్యార్థిని ఎవరైనా ఇలాంటి పరీక్ష చేసి ఫలితం రాస్తే సున్నా వేసేదాన్ని. దీపమేనని నా చదువు చెబుతోంది. నేను నమ్ముతున్నాను కూడా. కానీ నమ్మడం వేరు, వాడి కళ్ళలోకి చూసి నాకు తెలుసు అనడం వేరు.

పాట అని రాద్దామనుకున్నాను, నీ కోసం. కలం కదల్లేదు. పాస్టరుగారి మాటా వద్దు, బావగారి మాటా వద్దు అని, మనందరిలోకీ నన్ను ఎంచుకుని అడిగాడు వాడు. అలా అడిగినవాడికి అబద్ధం పెట్టి పంపలేను.

'నాకు తెలియదు' అని చెప్పవచ్చు. నిజమే అది. కానీ ఈ రెండు నెలలు వాడు ఏదో ఒకటి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. నా తెలియకపోవడం నాకు అలవాటైన బరువు. దాన్ని తీసుకెళ్ళి వణికే చేతుల్లో పెట్టడం న్యాయమేనా?

ఒక దారి ఉంది. వచ్చే ఏడు రెండు కుండీల దగ్గర దీపం లేకుండా పాడించి, రెండింటి దగ్గర పాట లేకుండా దీపం పెట్టి చూడవచ్చు. అప్పారావు సంతోషంగా ఒప్పుకుంటాడు. అప్పుడు నిజం తేలిపోతుంది. తేలాలని నేను కోరుకుంటున్నానా? ఇన్నేళ్ళలో మొదటిసారి, ఒక పరీక్ష చెయ్యకుండా ఉంటే బాగుండునని అనిపిస్తోంది. అలా అనిపించినందుకు సిగ్గూ వేస్తోంది.

ఇరవై నాలుగున పొద్దున్నే బయలుదేరి రేవుకు వస్తాను. వాడు పడవ తెస్తాడు. నడి కొల్లేరు దాటేలోపల అడుగుతాడు, నాకు తెలుసు. ఏం చెప్పాలో ఇంకా నిశ్చయించుకోలేకపోయాను.

ఎలిజబెత్